ఆ కాగితం అడిగి రాయించుకోండి

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల కోసం, ముఖ్యంగా అమ్మానాన్నలను దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. నేనిక్కడ నర్సుని. షుగర్ ఉన్నవాళ్లకు క్లాసులు చెప్పడం నా ఉద్యోగం.

కిందటి చలికాలంలో ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. పన్నెండేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా ఇన్సులిన్. డోసు పెంచుతూనే ఉన్నారు, షుగర్ మాత్రం ఒకరోజు 300, మర్నాడు 60. "సూది ఎక్కడ వేసుకుంటున్నారమ్మా?" అని అడిగాను. చీర కాస్త పక్కకు జరిపి, బొడ్డుకు కుడివైపు చూపించారు. వేలితో తడిమితే చర్మం కింద నిమ్మకాయంత గడ్డ తగిలింది. "అక్కడైతే నొప్పి తెలీదమ్మా, అందుకే రోజూ అక్కడే" అన్నారావిడ. నొప్పి తెలియనిది ఆ గడ్డ వల్లే. అందులోకి ఎక్కించిన మందు ఒకరోజు రక్తంలోకి సరిగా దిగదు, ఇంకోరోజు ఒక్కసారిగా దిగుతుంది. డాక్టరుకి ఫోన్ చేసి ముందు డోసు తగ్గించాం, ఎందుకంటే మంచి చర్మంలో వేస్తే పాత డోసు ఎక్కువైపోతుంది. తర్వాత చోటు మార్చి వేసుకోవడం నేర్పాను. అంతా కలిపి గంట పని.

ఆ గంట కోసం ఆవిడ ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. డబ్బు లేక కాదు. మమ్మల్ని కలవమని కాగితం రాసినవాళ్లు లేక.

ఆ కాగితం గురించే చెప్తాను. 1997లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో మెడికేర్‌లో, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలో, షుగర్‌ను ఎలా చూసుకోవాలో నేర్పే ఈ శిక్షణకు చోటు దొరికింది. పార్ట్ బి, అంటే మెడికేర్‌లో డాక్టరు, క్లినిక్ ఖర్చులు చూసే భాగం, ఉన్నవాళ్లకు మొదటి విడతగా 10 గంటలు ఇస్తారు. మొదటి క్లాసు నుంచి 12 నెలల్లోపు అవి వాడుకోవాలి. ఆ తర్వాత ఏటా 2 గంటలు. డిడక్టిబుల్, అంటే ఏటా ముందుగా మనమే కట్టుకోవాల్సిన మొత్తం, పోను ఖర్చులో 80 శాతం మెడికేర్ కడుతుంది, 20 శాతం మనం గానీ, మన రెండో ఇన్సూరెన్స్ గానీ. మెడికేర్ అడ్వాంటేజ్, అంటే ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ ప్లాన్, తీసుకున్నవాళ్లకూ ఈ హక్కు ఉంది. కాకపోతే ఏ క్లినిక్‌కి వెళ్లాలో, మనం కట్టే వాటా (కోపే) ఎంతో ఆ ప్లాన్ వాళ్లను ముందే అడగాలి. షరతు ఒక్కటే: మీ షుగర్‌కి వైద్యం చేస్తున్న డాక్టరుగానీ, నర్స్ ప్రాక్టీషనర్‌గానీ (వైద్యం చేసి మందులు రాసే అర్హత ఉన్న నర్సు) రిఫరల్ రాసివ్వాలి, నేను చెప్పిన కాగితం అదే. అది లేకుండా మేం మెడికేర్‌కి బిల్లు పెట్టలేం.

ఇంత సదుపాయం ఉండి వచ్చేది ఎంతమంది? ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉండి కొత్తగా షుగర్ బయటపడినవాళ్లలో మొదటి ఏడాది ఈ క్లాసులకు వెళ్లింది 6.8 శాతమేనని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2014లో లెక్కతేల్చింది. మెడికేర్ వాళ్లలో అప్పట్లో 5 శాతం దగ్గరే. ఆ అంకె చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నెలనెలా ప్రీమియం కడుతున్నాం, గది ఉంది, చెప్పేవాళ్లం ఉన్నాం, కుర్చీలు ఖాళీ.

ఇక మనవాళ్లు ఎక్కువగా చెప్పే మాట: "అమ్మకి ఇంగ్లీషు రాదండీ, ఆ క్లాసులో కూర్చుని ఏం చేస్తుంది?" నిజమే, మెడికేర్ ఇచ్చే 10 గంటల్లో మామూలుగా 9 గంటలు పదిమందితో కలిసి కూర్చునేవే, విడిగా ఒక్క గంటే. కానీ రిఫరల్ ఫారంలో ప్రత్యేక ఇబ్బందులని ఒక చోటుంటుంది: చూపు, వినికిడి, భాష. డాక్టరుగారు అక్కడ భాష అని గుర్తుపెడితే, గంటలన్నీ ఒక్కరికే విడిగా చెప్పవచ్చు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రులు, క్లినిక్కులు దుబాసీని ఉచితంగా పెట్టాలి. తెలుగు కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. కొడుకూ కూతురూ పక్కనుంటే మంచిదే, కానీ దుబాసీ పని వాళ్లమీద వేయకండి. అమ్మ కొడుకు ముందు కొన్ని సంగతులు చెప్పదు. చాటుగా తిన్న స్వీటు గురించైతే అసలే చెప్పదు.

విడిగా కూర్చుంటే మన తిండి గురించి మాట్లాడుకోవచ్చు. పులిహోర ఎంత, పెరుగన్నం ఎంత, ఏకాదశి ఉపవాసం రోజు షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర సంగతేంటి? ఉపవాసం ఉండి ఆ మాత్ర వేసుకుని, సాయంత్రానికి చెమటలు పట్టి పడిపోయినవాళ్లను చూశాను. అలా షుగర్ బాగా తగ్గినప్పుడు, మనిషి స్పృహలో ఉంటే, 15 గ్రాముల చక్కెర, అంటే అరకప్పు పళ్లరసం తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేయాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 911కి ఫోన్ చేయాలి.

మనలో డాక్టర్లూ వింటూ ఉంటారు, వాళ్లకో మనవి. ఇరవై నిమిషాల విజిట్‌లో బీపీ, కిడ్నీ, కాళ్లు, మందులు అన్నీ చూసి ఇదంతా నేర్పడం మీవల్ల కాదని నాకు తెలుసు. అందుకే మమ్మల్ని వాడుకోండి. షుగర్ కొత్తగా బయటపడినప్పుడు ఒకసారి, ఏడాదికోసారి, ఏదైనా చిక్కు వచ్చినప్పుడు, ఇన్సులిన్ మొదలుపెట్టడమో ఇల్లు మారడమో, జీవితంలో ఇలాంటి మార్పు వచ్చినప్పుడు పంపండి. "క్లాసులున్నాయి, వెళ్తే మంచిది" అని ఊరుకుంటే వెళ్లరు. "మీరు వెళ్లాలి, ఇదిగో రాశాను" అంటే వెళ్తారు.

గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు 65 ఏళ్లు నిండి, ఇక్కడ వరుసగా 5 ఏళ్లు ఉన్నాక పార్ట్ బి కొనుక్కోవచ్చు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మీ కంపెనీ ప్లాన్‌ను అడగండి. చాలా రాష్ట్రాల చట్టాలు ఈ శిక్షణకు డబ్బు కట్టమంటున్నాయి. డైటీషియన్ దగ్గర పోషకాహార సలహా మెడికేర్‌లో వేరే ఖాతా: మొదటి ఏడాది 3 గంటలు, తర్వాత ఏటా 2, చేతినుంచి పైసా పడదు. దానికి డాక్టరు రిఫరల్ విడిగా కావాలి, రెండూ ఒకే రోజు పెట్టుకోకూడదు.

మొదటి రోజు వచ్చేటప్పుడు మీటరు తెచ్చుకోండి. మందులన్నీ తెచ్చుకోండి, ఇండియా నుంచి తెప్పించుకున్నవీ, ఎవరో చెప్తే మింగుతున్న పొడులూ సహా. ఇంకొకటి, ఇంట్లో అన్నం వడ్డించే గరిటె కూడా సంచిలో వేసుకురండి. దాంతోనే కొలిచి చూపిస్తాం.