రెండో నవల ఏదీ అంటారా? మీ ముందే ఉంది, చూడలేదంతే!

హీబ్రూలో రాసిన పాలస్తీనా అరబ్ రచయిత ఆంటన్ షమ్మాస్ ఒక్క నవల రాసి మూగబోయాడట! ఎవరండీ ఈ మాట పుట్టించింది? మూగబోలేదు. అనువాదాల్లో రాస్తూ వచ్చాడు.

ముందు ఆయన చుట్టూ జరిగిన గొడవేంటో చకచకా చెప్పేస్తా. గలిలయలో ఫస్సూతా అనే ఊరు, 1950లో పుట్టుక. అరబ్ క్రైస్తవుడు, ఇజ్రాయెల్ పౌరుడు. "ఈ దేశం యూదులది మాత్రమే కాదు, పౌరులందరిదీ" అన్నాడు. దానికి ఎ.బి. యెహోషువా, శాంతివాది అని పేరున్న ఇజ్రాయెలీ యూదు రచయిత, ఇచ్చిన జవాబేంటి? పూర్తి పాలస్తీనా గుర్తింపు కావాలంటే సామాను సర్దుకుని, రేపు ఏర్పడే పాలస్తీనా దేశానికి పొమ్మన్నాడు. సొంతూరు వదిలేసి!

1986లో షమ్మాస్ హీబ్రూ నవల 'అరబెస్కోత్' వచ్చింది. అందులో బర్-ఓన్ అనే యూదు రచయిత తన నవల కోసం ఒక అరబ్బును వెతుక్కుంటూ ఉంటాడు. ఆ పాత్ర మొదటి పేరేంటో తెలుసా? యెహోషువా! ఇంతకన్నా ఏం చెప్పాలి?

1987లో అమెరికాకి, మిషిగన్ యూనివర్సిటీకి వెళ్ళాడు. ఇక్కడితో కథ ముగించేస్తారు మనవాళ్ళు. అసలు పనితనం అనువాదాల్లో ఉంది బాబూ!

ఇజ్రాయెల్‌లోనే ఉన్న పాలస్తీనా రచయిత ఎమిల్ హబీబీ 1974 నాటి అరబ్బీ నవల తీసుకోండి. దాన్ని హీబ్రూలోకి తెచ్చింది షమ్మాసే. అసలు తమాషా నవల పేరులోనే ఉంది. అరబ్బీలో ఆశావాది 'ముతఫాఇల్', నిరాశావాది 'ముతషాఇమ్'. హబీబీ మొదటి మాటలో 'ఫ' తీసి 'ష' పెట్టాడు: 'ముతషాఇల్'. ఒక్క అక్షరంతో మనిషి అటూ ఇటూ కాకుండా వేలాడుతున్నాడు. ఇంగ్లిష్‌వాళ్ళు 'పెసాప్టిమిస్ట్' అన్నారు. రెండు మాటలు తెచ్చి అంటించారు, కుట్టు కనబడుతోంది. షమ్మాస్ ఏం చేశాడు? హీబ్రూలో వాడుకలో ఉన్న 'ఒప్టిమిస్ట్'లో 'ట' తీసి 'స' పెట్టాడు. 'ఒప్సిమిస్ట్'! అక్కడా ఒక్క అక్షరమే, ఇక్కడా ఒక్క అక్షరమే. దీన్ని ఉత్త అనువాదం అనండి చూద్దాం!

అమెరికా వెళ్ళాక కూడా 1988లో 'ఇఖ్తయ్యా', 1993లో 'సరాయా', రెండూ హబీబీవే, హీబ్రూలోకి తెచ్చాడు. మధ్యలో 1992లో హబీబీకి ఇజ్రాయెల్ ప్రైజ్! పొమ్మన్న భాషలోకే ఇంకో అరబ్బును వెంటబెట్టుకుని వచ్చాడు. నా లెక్కలో ఆయన రెండో నవల ఇదే, కాదంటే వాదించండి.

మన 'నిరాశావాది'లో 'ఆశావాది' మొత్తం దూరి కూర్చున్నాడు, అంటు కట్టడానికి చోటే లేదు. ఒక్క అక్షరం మార్చి 'ముతషాఇల్'కి తెలుగు మాట చేయగలరా? కామెంట్లో పడేయండి.