నన్నడిగితే చెప్పకపోదునా?

(మహబూబ్‌నగర్‌లో కాలనీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మున్సిపల్ ఇంజనీరింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. అందుకని ముందు నా తప్పు ఒకటి చెప్పుకొని మొదలుపెడతా.

ఊరి పేరు ఎందుకులెండి, మన దక్షిణ తెలంగాణలోనే ఒక చిన్న పట్టణం. ఒక గల్లీకి సీసీ రోడ్డు మంజూరైంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే జానెడు మందాన కొత్తది పోశారు. ఎస్టిమేట్ మీద సంతకాల్లో నాదీ ఒకటి. రోడ్డు ఎత్తయి ఇళ్లు గుంతలో పడ్డట్టయింది, మొదటి వానకే నీళ్లు లోపలికొచ్చాయి. చూద్దామని పోతే ఒక అవ్వ ఇంట్లోంచి చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తోంది. కడప మీద మూడు ఇటుకలు పేర్చి సిమెంటు పూసి ఉంది. నన్ను చూసి కూడా చెంబు ఆపలేదు. "నీళ్లు ఎన్కటి సంది మసీదు దిక్కు పోతుండె సారూ. నన్నడిగితే చెప్పకపోదునా?" అంది. నేల వాలు కొలిచే మా లెవల్ మిషన్ ఆ గల్లీలో తిరిగింది ఒక్క పూట. ఆమె చూసినవి నలభై వానాకాలాలు.

ప్రజల భాగస్వామ్యం అంటే నాకు తెలిసిన అర్థం ఇంతే. పెన్సిల్ పెట్టకముందు అడగాలి. మా వాళ్లు గీశాక అడుగుతారు.

ఊళ్లో ఏ నేల దేనికో తేల్చే మాస్టర్ ప్లాన్ సంగతే తీసుకోండి. ముసాయిదా నక్షా గోడకు అంటిస్తారు, పేపర్లో ప్రకటన వేస్తారు, అభ్యంతరాలుంటే రాసివ్వమంటారు. కాగితం మీద అంతా సవ్యమే. ఆ నక్షా ముందు ఎప్పుడైనా నిలబడ్డారా? పసుపు ఇళ్లకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు. మీ ఇల్లు వేలు పెట్టి చూపమంటే నాకే రెండు నిమిషాలు పడుతుంది. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కింది ఈ రంగుల మీదే. పంట భూములను ముసాయిదాలో పరిశ్రమల జోన్‌గా చూపారు. ఆందోళన ముదిరాక ఆ ముసాయిదాను రద్దు చేస్తూ కౌన్సిలే తీర్మానించింది. గీసిన కష్టమంతా బుట్టదాఖలు.

చట్టం లేక కాదు. మున్సిపాలిటీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మున్సిపాలిటీలు చేయదగ్గ పనులని అది ఇచ్చిన జాబితాలో మొదటిది పట్టణ ప్రణాళికే. కానీ వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న చోట్లకే. 2011 లెక్కల్లో మన పాలమూరు గాని, నల్లగొండ గాని ఆ గీత దాటలేదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ఆ లెక్క చూడకుండా ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది. యువకులది, మహిళలది, సీనియర్ సిటిజన్లది, పట్టణ ప్రముఖులది. ఒక్కోదాంట్లో 15 మంది. మీ వార్డులో ఆ అరవై మందిలో ఒక్కరి పేరైనా తెలిసినవాళ్లు చేతులెత్తండి. మొహమాటపడకండి, నాకూ తెలియదు.

బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రీ నగరం 1989 నుంచి బడ్జెట్‌లో కొంత భాగాన్ని వాడల సభల్లో తేల్చింది. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వదిలేస్తున్నా. మోరీల, అంటే మురుగు కాలువల మనిషిని కదా, నా మనసు కరాచీ మీదికి పోతుంది. అక్కడ ఓరంగీ అని పెద్ద పేదల బస్తీ. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన అక్కడ ఓరంగీ పైలట్ ప్రాజెక్ట్ అనే సంస్థ పెట్టి పని మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఒక లెక్క కుదిరింది. గల్లీలో మోరీ గల్లీ వాళ్లది, అది కలిసే పెద్ద నాలా సర్కారుది. గల్లీలో ఇళ్లవాళ్లు తమలో ఒకరిని పెద్దగా పెట్టుకొని చందాలు వేసుకున్నారు. కొలతలు, నక్షా, సామాన్ల లెక్క సంస్థ ఇచ్చింది. కాంట్రాక్టరు లేడు కాబట్టి ఖర్చు బాగా తగ్గింది.

ఇందులో నాకు నచ్చింది చందాలు కాదు. ఆస్తిపన్ను కట్టేవాణ్ణే మోరీ కూడా తవ్వుకొమ్మంటే నేనొప్పుకోను. తమ గల్లీ ఎటు వాలి ఉందో అక్కడ ఇంటింటికీ తెలిసింది చూడండి, అది నచ్చింది. తర్వాత ఆ సంస్థను నడిపిన పర్వీన్ రహ్మాన్ కరాచీ శివారు పల్లెల భూములను నక్షాలకెక్కించారు. 2013 మార్చిలో ఆమెను కాల్చి చంపారు.

మన తప్పూ ఉంది. రోడ్డు వెడల్పులో మన గోడ పోతుందంటే హాలు నిండుతుంది. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో ప్లాట్లు పడుతుంటే కుర్చీలు ఖాళీ. ఇప్పుడు ఈ హాల్లో కిరాయికి ఉండేవాళ్లు ఎందరున్నారు? క్లాక్ టవర్ దగ్గర బండి పెట్టుకునేవాళ్లు? ఆదివారం పొద్దున మీటింగ్ పెట్టాం, అది వాళ్లకు బేరం టైమ్. ఈసారి రాత్రి ఎనిమిదింటికి పెట్టమని నిర్వాహకులకు చెప్పాను.

2025లో మన మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. హద్దులు మారితే నక్షాలూ మారతాయి. అందుకే వెనక గోడకు ఈ కాలనీ నక్షా పెద్దది గీసి అంటించాను. గుడి, బడి, కిరాణా దుకాణం రాసి పెట్టాను, గుర్తుపట్టడానికి. పక్కనే స్కెచ్ పెన్నులున్నాయి. వానకు మీ దగ్గర నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడ నీలం చుక్క పెట్టండి. ఎటు పోతాయో బాణం గీయండి. ఇల్లు దొరక్కపోతే నన్ను పిలవండి, ఇద్దరం కలిసి వెతుకుదాం.