పక్కనున్న మాటే కర్త కాదు

అందరికీ నమస్కారం. ఉద్యోగ పరీక్షల్లో ఇంగ్లీషు వాక్యాల్లో తప్పు పట్టమనే ప్రశ్నల కోసం మీరు తయారవుతున్నారు కనుక నేరుగా వాక్యంలోకే దిగుదాం. బోర్డు మీద ఉన్నది చూడండి: ‘ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ ఫ్రమ్ దీజ్ గార్డెన్స్ హ్యావ్ ఫాలెన్.’ చెవికి బాగానే ఉంది కదా? కానీ తప్పు. ‘హ్యాజ్ ఫాలెన్’ అని ఉండాలి.

ఇదే మాట తెలుగులో చెప్పండి. ‘ఈ తోటల మామిడిపళ్ళ నాణ్యత తగ్గింది.’ ఇక్కడ ‘తగ్గాయి’ అని నోరు జారేవాళ్ళు ఎవరూ ఉండరు. మరి ఇంగ్లీషులో ఎందుకు జారుతుంది?

కర్తని బట్టి క్రియ మారడం మనకేమీ కొత్త కాదు. వచ్చాను, వచ్చాం, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి. ఒక్క భూతకాలంలోనే ఏడు రూపాలు. ఇంగ్లీషులో వాటన్నిటికీ కలిపి ‘కేమ్’ ఒక్కటే. వర్తమానంలో ‘కమ్’, ‘కమ్స్’ అని రెండే. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అని అవతారాలెత్తే ‘బి’ క్రియ ఒక్కటి మినహాయింపు. ఏడు రూపాలు అలవోకగా వాడే మనం రెండు రూపాల దగ్గర తడబడుతున్నామంటే చిక్కు రూపాల్లో లేదు, కర్త కూర్చునే చోటులో ఉంది.

తెలుగులో వర్ణనంతా ముందు వస్తుంది, అసలు నామవాచకం చివర వస్తుంది. తోటలు, మామిడిపళ్ళు అయిపోయాక ‘నాణ్యత’ వచ్చి క్రియ పక్కనే కూర్చుంది. పక్కమాటని చూసి క్రియ పెట్టేస్తే చాలు, సరిపోతుంది. ఇంగ్లీషులో అసలు నామవాచకం ముందే వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆఫ్, ఫ్రమ్, ఇన్, హూ అంటూ తోక సాగుతుంది. క్రియ దగ్గరికి వచ్చేసరికి పక్కన ఉన్నది ‘గార్డెన్స్’. తెలుగు అలవాటు దాన్నే కర్త అనుకుంటుంది.

కాబట్టి తోక కోయాలి. ముందు క్రియ కింద గీత గీయండి. తర్వాత వాక్యం మొదటికి వెళ్ళి, మొదటి ఆఫ్ లేదా ఫ్రమ్ లేదా ఇన్ దగ్గర ఆగి, అక్కడినుంచి క్రియ దాకా ఉన్నదంతా కొట్టేయండి. మిగిలింది ‘ద క్వాలిటీ’. దాని బదులు ‘ఇట్’ పెట్టి చదవండి: ‘ఇట్ హ్యాజ్ ఫాలెన్.’ ఎలాంగ్ విత్, యాజ్ వెల్ యాజ్, టుగెదర్ విత్ అనేవి కూడా తోకలే. ‘ద కలెక్టర్, ఎలాంగ్ విత్ టూ క్లర్క్స్, ఈజ్ కమింగ్.’ అదే ‘అండ్’ వస్తే ఇద్దరూ కర్తలే, అప్పుడు ‘ఆర్’.

ఈ కత్తి రెండు చోట్ల పనిచేయదు. హాఫ్, సమ్, మోస్ట్, ఆల్ లాంటి పరిమాణం మాటలుంటే ‘ఆఫ్’ తర్వాతి మాటనే చూడాలి: ‘హాఫ్ ఆఫ్ ద రైస్ ఈజ్’, ‘హాఫ్ ఆఫ్ ద బ్యాగ్స్ ఆర్’. రెండో చోటు పరీక్షల వాళ్ళకి మహా ఇష్టమైన ‘ఎ నంబర్’, ‘ద నంబర్’ జంట. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే చాలామంది విద్యార్థులు, అందుకని ‘ఆర్’. ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ అంటే విద్యార్థుల సంఖ్య, అది ఒక్కటే కనుక ‘ఈజ్’. తెలుగులో అర్థం చెప్పుకుంటే గుర్తుపెట్టుకోవాల్సిన పనే ఉండదు.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఆర్’ అని రాస్తే రెండు తప్పులు. ‘మా స్నేహితుల్లో ఒకడు’ అనుకోండి: స్నేహితులు బహువచనం, ఒకడు ఏకవచనం. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్.’ దీనికి ‘హూ’ తగిలితే జాగ్రత్త. ‘షి ఈజ్ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హ్యావ్ పాస్డ్.’ పాసైన విద్యార్థుల్లో ఆమె ఒకతె, పాసైనది చాలామంది, కనుక ‘హ్యావ్’. ‘ద ఓన్లీ వన్’ అంటే పాసైనది ఆమె ఒక్కతే, అప్పుడు ‘హ్యాజ్’. తెలుగులో ‘పాసైన’ ఎవరికైనా మారదు కాబట్టి ఈ తేడా మన కంటపడదు.

ఇంకో గొయ్యి వ్యతిరేకార్థంలో ఉంది. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు. ఏడు రూపాల తెలుగు ఇక్కడ ఒక్క రూపంతో సరిపెట్టుకుంది. ఆ ధోరణిలోనే ‘హీ డోంట్ నో’ వచ్చేస్తుందేమో అనిపిస్తుంది. సరైనది ‘హీ డజంట్ నో’. సరే, డజ్ పెట్టాం కదా అని ‘డజ్ హీ గోస్’ అంటారు కొందరు. వాక్యానికి ఉన్నది ఒక్క ఎస్. దాన్ని ‘డజ్’ తీసేసుకుంది, అసలు క్రియకి ఇక మిగల్లేదు. ‘డజ్ హీ గో.’ క్యాన్, విల్, మస్ట్ ఉంటే ఎస్ ఎక్కడా ఉండదు.

తెలుగులో బహువచనమైనది ఇంగ్లీషులోనూ బహువచనం కానక్కర్లేదని కూడా గమనించండి. పాలు విరిగాయి, నీళ్ళు వచ్చాయి అంటాం, ‘మిల్క్’, ‘వాటర్’ మాత్రం ఏకవచనం. నాన్నగారు వచ్చారు అన్నది గౌరవం, ఇంగ్లీషు క్రియకి ఆ మర్యాద తెలియదు: ‘మై ఫాదర్ హ్యాజ్ కమ్.’ అందరూ వచ్చారు, కానీ ‘ఎవ్రీవన్ హ్యాజ్ కమ్’. న్యూస్, మ్యాథమేటిక్స్ చివర ఎస్ ఉన్నా ‘ఈజ్’. పోలీస్ చివర లేకపోయినా ‘ఆర్’. ఐదు వందలు ఒకే మొత్తం కాబట్టి ‘ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఈజ్ ఎనఫ్’. క్రికెట్ కామెంటరీలో ‘ఇండియా ఆర్ 200 ఫర్ 3’ అని విని కంగారు పడకండి. జట్టుని పదకొండు మందిగా చూడటం బ్రిటిష్ అలవాటు. అమెరికన్లు ‘ఈజ్’ వైపే మొగ్గుతారు.

ఇంతసేపూ పక్కమాటని నమ్మొద్దన్నాను. నమ్మాల్సిన చోటు కూడా ఒకటుంది. ఐదర్-ఆర్, నైదర్-నార్ వస్తే క్రియకి దగ్గరగా ఉన్న కర్తదే మాట చెల్లుతుంది. ‘నైదర్ ద వార్డెన్ నార్ ద స్టూడెంట్స్ వర్ ప్రెజెంట్.’ తారుమారు చేస్తే ‘నైదర్ ద స్టూడెంట్స్ నార్ ద వార్డెన్ వాజ్ ప్రెజెంట్.’ రెండోది వ్యాకరణానికి నిలుస్తుంది కానీ వినడానికి ఎబ్బెట్టు. మీరే రాసేటప్పుడు బహువచనాన్ని క్రియ పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు కాగితం తీసి ఇది కోయండి: ‘ద బాక్స్ ఆఫ్ టూల్స్ దట్ ద వర్కర్స్ లెఫ్ట్ ఇన్ ద రూమ్స్ ఆర్ మిస్సింగ్.’ ముందు తెలుగులో చెప్పుకోండి, పనివాళ్ళు గదుల్లో వదిలేసిన పనిముట్ల పెట్టె ఏమైందో.