గుంటల కోసం మిట్టలు

శ్రోతలకు నమస్కారం.

మా సిక్కోలు వైపు గుంటలంటే పిల్లలు. మిగతావాళ్లకు గోతులు. ఈ వేసవిలో మా పెరట్లో రెండూ కలిశాయి. గుంటల కోసం గుంటలు తవ్వాం.

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఇంటి వెనక ఏడు కొబ్బరిచెట్లు కూలిపోయాయి. ఆ జాగా అలాగే ఉండిపోయింది. సెలవులకొచ్చిన మనవడూ వాడి అక్కా దాన్ని చూసి, "తాతా, ఇక్కడ సైకిలు తొక్కడానికి మిట్టలు కట్టు" అన్నారు. మోటారు బండి మాట మాత్రం ఎత్తొద్దన్నాను. 1970ల్లో కాలిఫోర్నియా పిల్లలు మోటారుసైకిలు పందేలు చూసి మట్టిలో సైకిళ్లు దూకించారు. అదే బీఎంఎక్స్ అనే సైకిలు పందెమై 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కెక్కింది. మాకు పతకాలెందుకు, ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉంటే చాలు.

మొదటి తప్పు నాదే. ఉన్న ఇసుకమట్టినే పోగేసి మిట్టలు చేశాను. మర్నాడు సాయంత్రం వాన కొట్టింది. తెల్లారేసరికి మిట్టల్లేవు. పక్క తోట అబ్బాయి గట్టు మీంచి చూసి, "కల్లం సెయ్యడం మర్సిపోనావేటి మావా?" అన్నాడు.

నిజమే, నూర్పిళ్లకు నేల తడిపి గట్టిగా కొట్టే కల్లం పనే ఇది. ఒక ట్రాక్టరు ఎర్ర బంకమట్టి తోలించి ఇసుకలో కలిపాం. కలిపిన మట్టిని తడిపి, పిడికిట్లో ఉండ చేసి, నడుమెత్తు నుంచి వదలాలి. పొడైపోతే నీళ్లు చాలలేదు. ముద్దలా అతుక్కుపోతే ఎక్కువయ్యాయి. రెండు మూడు ముక్కలైతే సరి. ఆ మట్టిని నాలుగువేళ్ల మందాన పరిచి, దిమ్మిసతో కొట్టి, దానిమీద మరో వరస. పిల్లలకు తొక్కడం కంటే ఈ కొట్టడమే ఎక్కువ నచ్చింది!

మిట్ట అడుగు ఎత్తుంటే, ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి సుమారు పదడుగులుండాలి. దగ్గరైతే సైకిలు కుదేస్తుంది. మలుపు దగ్గర బయటివైపు మట్టిని గోడలా లేపాలి, లేకపోతే చక్రం జారుతుంది. నీరు నిలవకుండా పల్లానికి చిన్న కాలువ తీయాలి. ఇక మిగిలిన కొబ్బరిచెట్ల కింద దారి వేయకండి. కాయ చెప్పి రాలదు.

ఇందులో సొగసు ఏమిటంటే, పెడల్ తొక్కకుండానే తిరగొచ్చు. ఉయ్యాల మీద నిలబడి ఊగేటప్పుడు మోకాళ్లు వంచి లేస్తాం చూడండి, అచ్చం అలాగే. మిట్ట ఎక్కేటప్పుడు ఒళ్లు ముడుచుకోవాలి, దిగేటప్పుడు సైకిలును కిందికి నెట్టాలి. అమ్మాయికి పది నిమిషాల్లో వచ్చేసింది. నాకింకా రాలేదు.

హెల్మెట్ సంగతి మీకు తెలిసిందే. హ్యాండిల్ చివరి రబ్బరు తొడుగులు కూడా చూడండి. అవి ఊడిపోతే, పడినప్పుడు ఆ బోలు గొట్టం కడుపులో గుచ్చుకుంటుంది. స్టాండు విప్పేయండి, మిట్టకు తగులుతుంది.

వాన పడ్డాక మట్టిని వేలితో నొక్కి చూస్తాను. వేలు దిగబడితే ఆ పూట సైకిలు లేదు. ఈ రూలు పెట్టిన దగ్గర్నుంచి మా మనవడు వాన వెలిశాక ప్రతి పది నిమిషాలకీ వేలు పట్టుకెళ్లి నొక్కి వస్తున్నాడు.