మాట్లాడనప్పుడు ఫోను చేసే పని

సభకు నమస్కారం.

సెల్‌ఫోన్ నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఈ విషయం మీద మాట్లాడేవారు చాలామంది టవర్‌తో మొదలుపెట్టి టవర్ దగ్గరే ఆగిపోతారు. కంటికి కనిపించేది అదొక్కటే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ నన్నడిగితే ఈ వ్యవస్థ అసలు పనితనమంతా మనం మాట్లాడని వేళల్లోనే ఉంది. ఫోను మోగకుండా, వెలగకుండా జేబులో పడి ఉన్నప్పుడు దాని కోసం ఎంత లెక్కాపత్రం నడుస్తుందో, అది లేకపోతే ఫోను ఎందుకు మోగదో ఈ సాయంత్రం చెబుతాను.

ముందు ఒక ఇబ్బంది గురించి చెప్పాలి, ఎందుకంటే తక్కినదంతా దాని చుట్టూ అల్లుకున్నదే. ఫోను వాడుకునే రేడియో తరంగాలు పరిమితం. మన 2జీకి ఆధారమైన జీఎస్‌ఎం అనే ప్రమాణం తొలి రోజుల్లో వాడుకున్న 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌నే, అంటే ఆ తరంగాల పట్టీనే తీసుకోండి. ఫోను నుంచి టవర్‌కు 25 మెగాహెర్ట్జ్, టవర్ నుంచి ఫోనుకు మరో 25. దాన్ని 200 కిలోహెర్ట్జ్ చొప్పున కోస్తే 125 ముక్కలు వస్తాయి. అంచున రక్షణ కోసం కొంత వదిలేస్తే 124 మిగులుతాయి. ఒక్కో ముక్క మీద ఎనిమిది మంది మాట్లాడవచ్చు. మొత్తం 992. ఊరి నడిబొడ్డున ఆకాశమంత స్తంభం ఒకటి నిలబెట్టి ఆ బ్యాండ్ అంతా దానికే రాసిచ్చినా, హైదరాబాద్ అంత నగరంలో ఒకేసారి వెయ్యి మంది కూడా మాట్లాడలేరన్నమాట.

దీనికి విరుగుడు 1947 డిసెంబరులోనే కాగితం మీదికి వచ్చింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డి.హెచ్. రింగ్ అనే ఇంజనీరు, సహచరులతో కలిసి ఆలోచించి, ఒక అంతర్గత పత్రం రాశారు. ఊరిని చిన్న చిన్న గడులుగా విడగొట్టండి, ఒక్కో గడిలో తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్ పెట్టండి, తగినంత దూరంలో ఉన్న మరో గడిలో అవే ఫ్రీక్వెన్సీలను మళ్లీ వాడుకోండి అన్నది అందులోని సారాంశం. ఆ గడికే సెల్ అని పేరు. ఆనుకుని ఉన్న ఏడు సెల్‌లకు ఏడు వేర్వేరు వాటాలు ఇచ్చి, ఆ ఏడింటి గుంపును ఊరంతా పరుచుకుంటూ పోవచ్చు. జనం పెరిగితే సెల్‌ను ఇంకా చిన్నది చేయవచ్చు. అమీర్‌పేట లాంటి చోట నాలుగడుగులకో టవర్ కనిపించడానికీ, పొలాల మధ్య ఒకే టవర్ మూడు నాలుగు ఊళ్లను చూసుకోవడానికీ కారణం ఇదే. నగరంలో టవర్‌ను దూరానికి పెట్టరు, జనసంఖ్యకు పెడతారు.

ఇంత చక్కని ఆలోచన వాణిజ్యపరంగా అమలులోకి రావడానికి 1979 దాకా, అది కూడా టోక్యోలో, ఎందుకు ఆగాల్సి వచ్చింది? రేడియో వల్ల కాదు. మనిషి ఒక సెల్ నుంచి మరో సెల్‌లోకి నడిచి వెళ్లిపోతాడు. అతను ఎక్కడున్నాడో క్షణక్షణం కనిపెట్టి, సంభాషణను తెగకుండా అటు మళ్లించే కంప్యూటర్లూ ఎలక్ట్రానిక్ స్విచ్‌లూ, అంటే కాల్‌లను కలిపే ఎక్స్ఛేంజీలూ, అప్పటికి లేవు. చూశారా, మొదటి నుంచీ అసలు చిక్కు లెక్కాపత్రం దగ్గరే ఉంది.

మన దేశంలో 1995 జులై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు తొలి మొబైల్ కాల్ చేశారు. అప్పట్లో వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టేవాళ్లం. నంబరు చూసుకుని కాల్ కట్ చేసి, పక్కనే ఉన్న ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తినవాళ్లు ఈ సభలో కూడా ఉండే ఉంటారు.

ఇప్పుడు మాట ఎలా ప్రయాణిస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. మీ గొంతును ఫోను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. జీఎస్‌ఎంలో ఒక్కో ముక్క 260 బిట్లు, అంటే 260 సున్నాలూ ఒకట్లూ. దారిలో కొన్ని చెడిపోతాయని ముందే తెలుసు కాబట్టి, దిద్దుకోవడానికి వీలుగా అదనపు బిట్లు చేర్చి 456 చేస్తుంది. వాటిని ఒకేసారి పంపదు, ఎనిమిది విడతల్లోకి చెదరగొడుతుంది. ఒక విడత పూర్తిగా పోయినా మాటలో చిన్న గీత పడుతుందే తప్ప మాట పోదు. అవతల ఆ బిట్లను ఏరి, వరుసలో పేర్చి, గొంతును మళ్లీ తయారు చేస్తారు. మీరు వింటున్నది మీ అమ్మగారి గొంతే, కానీ అక్కడికక్కడ తిరిగి అల్లిన గొంతు.

ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఎనిమిది మంది ఎలా మాట్లాడతారంటే, వంతులవారీగా. కాలువ కింద రైతులకు వారబందీ పెట్టి ఒకరి తరువాత ఒకరికి నీరు వదులుతారు కదా, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ ఒక్కొక్కరి వంతు 577 మైక్రోసెకన్లు. ఎనిమిది వంతులు కలిపితే 4.615 మిల్లీసెకన్లు, ఆ వెంటనే మళ్లీ మొదటివారి వంతు. అంటే మీ ఫోనులోని ట్రాన్స్‌మిటర్ సెకనుకు దాదాపు 217 సార్లు వెలిగి ఆరుతుంది. ఈ లెక్కను మీరు చెవులతో విన్నారు కూడా. పాత రేడియో పక్కనో, కంప్యూటర్ స్పీకర్ పక్కనో ఫోను పెడితే, రింగ్ రాకముందే స్పీకర్ టకటకమని కొట్టుకుని జుయ్యిమనేది గుర్తుందా? ఆ మోత ఫోను వెలిగి ఆరే 217 లయే. రింగ్ కంటే ముందు ఎందుకు వినిపించేదో కాసేపట్లో తెలుస్తుంది.

వంతుల పద్ధతిలో ఒక మెలిక ఉంది. తరంగానికి కూడా ప్రయాణానికి సమయం పడుతుంది. దూరంగా ఉన్న ఫోను తన వంతు వచ్చాక మొదలుపెడితే టవర్‌కు ఆలస్యంగా చేరి, పక్కవారి వంతు మీద పడుతుంది. అందుకని టవర్ ఒక్కో ఫోనుకూ 'నువ్వు ఇంత ముందుగా మొదలుపెట్టు' అని చెబుతుంది. ఈ సవరణకు 64 మెట్లున్నాయి, ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు. అన్నీ కలిపితే 35 కిలోమీటర్లు. అంతకు మించి దూరంలో సముద్రం మీద పడవలో ఉన్నవారికి సిగ్నల్ గీతలు కనిపించినా, మామూలు ఏర్పాటులో 2జీ కాల్ కలవదు. గీతలున్నంత మాత్రాన మాట కలుస్తుందన్న హామీ లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. వరంగల్‌లో ఉన్న చెల్లెలు నెల్లూరులో ఉన్న అన్నయ్యకు ఫోను చేసింది. ఆమె నొక్కిన పది అంకెలు అన్నయ్య ఎక్కడున్నాడో చెప్పవు. 2011 జనవరిలో నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం దేశమంతటా వచ్చాక, అతను ఏ కంపెనీ వినియోగదారుడో కూడా చెప్పవు. కాబట్టి ముందు ఒక పట్టికలో వెతికి, ఈ నంబరు ఇప్పుడు ఏ కంపెనీదో తేల్చుకుంటారు. ఆ కంపెనీ దగ్గర హోమ్ లొకేషన్ రిజిస్టర్ అనే పెద్ద ఖాతా ఉంటుంది. అన్నయ్య సిమ్‌కు సంబంధించిన సమస్తం అందులోనే. విచిత్రమేమిటంటే అతను ఏ టవర్ కింద ఉన్నాడో ఆ ఖాతాకు తెలియదు. ఏ స్విచ్ పరిధిలో ఉన్నాడన్నది మాత్రమే తెలుసు. ఆ స్విచ్ దగ్గర అతిథుల పద్దు ఒకటి ఉంటుంది. దానికి కూడా టవర్ తెలియదు, కొన్ని పదుల టవర్లను కలిపిన ఒక లొకేషన్ ఏరియా తెలుసు, అంతే. అప్పుడు ఆ ఏరియాలోని టవర్లన్నీ కలిసి ఒకేసారి పిలుస్తాయి: ఫలానా సిమ్, ఇక్కడున్నావా? దీన్నే పేజింగ్ అంటారు. అన్నయ్య ఫోను ఒకటి రెండు సెకన్లకోసారి మేలుకుని ఈ పిలుపుల జాబితా వింటూ ఉంటుంది. తన పేరు వినపడగానే ఒక్క టవర్‌కు బదులిస్తుంది. ఆ బదులు, ఆ తరువాత జరిగే సంప్రదింపులే మీ స్పీకర్‌లో వినిపించిన టకటక. రింగ్ మోగేది అవి ముగిశాకే.

ఏరియాను పెద్దది చేస్తే ఒక్క మనిషి కోసం వందల టవర్లు అరవాలి. చిన్నది చేస్తే హద్దు దాటిన ప్రతిసారీ ఫోను 'నేను మారాను' అని నమోదు చేయించుకోవాలి. విజయవాడ నుంచి విశాఖ వెళ్లే రైలు ఇలాంటి హద్దు దాటిన క్షణాన పెట్టెల్లోని వందల ఫోన్లు ఒక్కుమ్మడిగా నమోదుకు ఎగబడతాయి. ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడరు, అయినా నెట్‌వర్క్‌కు ఊపిరాడదు. ప్రయాణంలో బ్యాటరీ ఇట్టే అయిపోవడంలో కూడా ఈ నమోదులకు కొంత వాటా ఉంది.

ఈ పద్దులు తెలిస్తే రోజూ వినే ప్రకటనల అర్థం కూడా తెలుస్తుంది. ఫోనును పద్ధతి ప్రకారం ఆపేస్తే, ఆరిపోయే ముందు అది నెట్‌వర్క్‌కు సెలవు చెప్పి వెళ్తుంది. పద్దులో రాసుకుంటారు. మీరు ఫోను చేయగానే, పేజింగ్ అవసరం లేకుండానే, 'స్విచ్ఛాఫ్ చేశారు' అంటుంది. అదే మనిషి లిఫ్టులోకో సెల్లార్‌లోకో వెళితే సెలవు చెప్పడానికి వీలుండదు. నెట్‌వర్క్ పిలిచి పిలిచి, బదులు రాక, 'కవరేజీ ప్రాంతంలో లేరు' అంటుంది. అందుకే ఆ రెండో ప్రకటన సాధారణంగా కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మీ అబ్బాయి స్విచ్ఛాఫ్ చేశాడో, నిజంగానే సిగ్నల్ లేదో ఆ ఆలస్యాన్ని బట్టి కొంతవరకు ఊహించవచ్చు. ఖచ్చితమని మాత్రం ఇంట్లో పంచాయితీ పెట్టకండి.

సిమ్ గురించి కొంత. సిమ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, 128 బిట్లు. దాని నకలు కంపెనీ దగ్గర ఉంటుంది. అది గాలిలో ఎన్నడూ ప్రయాణించదు. నెట్‌వర్క్ ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. సిమ్ తన రహస్యంతో దాన్ని కలిపి లెక్క చేసి జవాబు మాత్రమే పంపుతుంది. రెండువైపులా జవాబు ఒకటైతే తలుపు తెరుచుకుంటుంది. 2జీలో ఇక్కడొక పెద్ద లోపం ఉండిపోయింది. నెట్‌వర్క్ ఫోనును పరీక్షిస్తుంది, ఫోను నెట్‌వర్క్‌ను పరీక్షించదు. నకిలీ టవర్ పెట్టి సందేశాలు గుప్పించే మోసగాళ్లకు దారి ఇక్కడే దొరికింది. 3జీ నుంచి పరీక్ష రెండువైపులా పెట్టారు. పాత ప్రమాణంలో ఇంత కనిపించే కంత వదిలేయడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

మాట్లాడుతూ కదులుతున్నప్పుడు ఏం జరుగుతుందో చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2జీలో ఫోను ప్రతి 480 మిల్లీసెకన్లకు ఒకసారి ఆరు వరకు పొరుగు టవర్ల బలాన్ని కొలిచి నివేదిక పంపుతుంది. వేరే టవర్‌కు మారాలా వద్దా అన్న నిర్ణయం నెట్‌వర్క్‌ది, ఫోనుది కాదు. ఇలా మాట తెగకుండా టవర్ మార్చడానికే హ్యాండోవర్ అని పేరు.

ఎస్సెమ్మెస్ కూడా మాటల దారిన వెళ్లదు, ఈ పద్దుల కబుర్లు నడిచే దారిలోనే వెళ్తుంది. అక్కడ చోటు ఇరుకు, ఒక సందేశానికి 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగుకు పదహారు బిట్లు కావాలి, 70 మాత్రమే పడతాయి. అందులోనూ 'స్త్రీ' అని రాస్తే మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. రెండు వాక్యాల తెలుగు శుభాకాంక్షకు రెండు సందేశాల డబ్బు పోయేది ఇందుకే.

4జీ వచ్చాక చిత్రం మారింది. ఫ్రీక్వెన్సీలను ఏడు వాటాలుగా పంచుకోవడం 3జీతోనే పోయింది. ప్రతి సెల్ మొత్తం బ్యాండ్‌ను వాడుకుంటుంది, ఎవరికి ఏ ముక్క ఇవ్వాలో టవర్ మిల్లీసెకనుకోసారి తేల్చుకుంటుంది. మాటకు ప్రత్యేకమైన దారి కూడా లేదు, వీడియో లాగే అది కూడా డేటా పొట్లాలుగా వెళ్తుంది. తొలి 4జీ ఫోన్లలో కాల్ రాగానే ఇంటర్నెట్ పడిపోయి 2జీకో 3జీకో దిగిపోయేది గుర్తుందా? మాటకు 4జీలో అప్పటికి ఏర్పాటు లేక పాత ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు పాత ఇల్లు లేకుండానే, పూర్తిగా 4జీ మీద మాటలు నడిపింది. 5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. పేర్లు మారాయి, వేగం పెరిగింది. కానీ నిద్రపోతున్న ఫోను ఏ ఏరియాలో ఉందో రాసుకోవడం, అవసరమైనప్పుడు అక్కడి టవర్లన్నిటితో పిలిపించడం, ఈ రెండూ చెక్కుచెదరలేదు.

చివరిగా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయాయి. టవర్లన్నీ కూలడం వల్లే అలా జరుగుతుందనుకుంటాం. కానీ నిలబడి ఉన్న టవర్‌కు కూడా కరెంటు కావాలి, అది పోతే బ్యాటరీలు కొన్ని గంటలే లాగుతాయి, ఆ తరువాత డీజిల్ తెచ్చే లారీకి రోడ్డు ఉండాలి. ఇవన్నీ ఉన్నా, టవర్‌ను స్విచ్‌కు కలిపే ఫైబర్ తెగితే ఫోనులో గీతలు కనిపించినా కాల్ వెళ్లదు, ఎందుకంటే ఖాతాను అడిగే దారి లేదు. ఇలాంటి వేళల్లో ప్రభుత్వం కంపెనీల మధ్య గోడలు తాత్కాలికంగా తీయించి, ఏ సిమ్ ఉన్నా పనిచేస్తున్న ఏ టవర్ మీదైనా మాట్లాడే ఏర్పాటు చేస్తోంది. దానికి కొత్త టవర్లు అక్కర్లేదు, ఒకరి ఖాతాలు మరొకరు చదవడానికి ఒప్పుకుంటే చాలు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. టవర్ రేడియేషన్ గురించి అడగాలనుకునేవారికి ముందే ఒక మాట: టవర్ ఎంత దూరమైతే మీ చెవి దగ్గరున్న ఫోను అంత గట్టిగా అరవాల్సి వస్తుంది. అది మనసులో పెట్టుకుని అడగండి.