కాంతికి కాంతే స్విచ్ అయితే?

వ్యాఖ్యాత: రెండు టార్చిలైట్ల వెలుగులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయే తప్ప ఆపుకోవు. మరి చిప్‌లో కాంతిని కాంతితో ఎలా ఆపుతారు మేడమ్?

పరిశోధకురాలు: మధ్యలో ఒక పదార్థం ఉండాలండీ. మొదటి పల్స్, అంటే క్షణికమైన కాంతి మెరుపు, దాని గుణాన్ని మారుస్తుంది, ఆ మార్పు రెండో కాంతికి తగులుతుంది. 2004లో కార్నెల్‌లో మికల్ లిప్సన్ బృందం సిలికాన్ మీదే చేసి చూపించింది. 10 మైక్రోమీటర్ల వ్యాసమున్న రింగు, పక్కనే కాంతిని నడిపించే సన్నటి దారి, వేవ్‌గైడ్. రింగుకు సరిపోయే తరంగదైర్ఘ్యం వస్తే కాంతి అందులోకి మళ్లి, తిరిగి తిరిగి హరించుకుపోతుంది. అవతలికి రాదు. అప్పుడు 25 పికోజౌల్‌ల పల్స్ ఒకటి వదిలారు. పికోజౌల్ అంటే జౌల్‌లో లక్ష కోట్లో వంతు. సిలికాన్ మామూలుగా ఆ కాంతిని పీల్చుకోదు. కానీ రింగులో కాంతి బాగా చిక్కబడేసరికి ఫోటాన్లు రెండేసి చొప్పున ఇంకిపోయి ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. దాంతో వక్రీభవన గుణకం, అంటే కాంతిని నెమ్మదింపజేసే గుణం, కాస్త తగ్గి, రింగు శ్రుతి తప్పుతుంది. అప్పటిదాకా ఆగిన కాంతి దాటిపోతుంది. ఇప్పటికీ చెబుతుంటే నాకు ఉత్సాహమే!

వ్యాఖ్యాత: ఎంతసేపట్లో?

పరిశోధకురాలు: తెరుచుకోవడం చాలా త్వరగా. ఎలక్ట్రాన్లు సద్దుమణిగి మళ్లీ మూసుకోవడానికే అర నానోసెకను దగ్గర పడుతుంది.

చిప్ ఇంజినీర్: అంటే సుమారు రెండు గిగాహెర్ట్జ్. మామూలు ప్రాసెసర్లు దాన్ని ఎప్పుడో దాటేశాయి.

పరిశోధకురాలు: అందుకే దారి మార్చారు. 2022లో కాల్‌టెక్‌లో అలీరెజా మరాండి బృందం లిథియం నియోబేట్ అనే స్ఫటికంతో చేసిన స్విచ్‌కు 46 ఫెమ్టోసెకన్లు, 80 ఫెమ్టోజౌల్‌లు చాలు. ఫెమ్టో అంటే పికోలో వెయ్యో వంతు. అందులో ఎలక్ట్రాన్ల కోసం ఆగే పనే లేదు.

చిప్ ఇంజినీర్: వేగం ఒప్పుకుంటాను. కానీ నేటి ట్రాన్సిస్టర్‌కు ఒక ఫెమ్టోజౌల్ కూడా అక్కర్లేదు. పైగా సిలికాన్ లోపల కూడా మీ కాంతి తరంగం 450 నానోమీటర్ల దాకా ఉంటుంది, అంతకంటే చిన్నగా ఎంతని కుదిస్తారు? స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ మిల్లర్ 2010లోనే అడిగారు: ఒక గేటు, అంటే లెక్క చేసే చిన్న స్విచ్ అమరిక, నుంచి వచ్చిన కాంతి తర్వాతి గేటును నడపగలదా? దారిలో నీరసించిన సిగ్నల్ మళ్లీ నిలదొక్కుకుంటుందా?

పరిశోధకురాలు: లాజిక్, అంటే గేట్లతో లెక్కలు చేసే విషయంలో మీ మాటే నా మాట. అయినా పోటీ అక్కడ పెట్టడమే తప్పంటాను. ఫైబర్‌లో కాంతిగా వచ్చిన డేటాను, దాన్ని దారి మళ్లించే నెట్‌వర్క్ స్విచ్ దగ్గర కరెంటుగా మార్చి, మళ్లీ కాంతిగా పంపుతున్నాం. ఆ కరెంటు ఖర్చు తగ్గించాలి.

చిప్ ఇంజినీర్: గూగుల్ తన డేటా సెంటర్లలో చిన్న అద్దాలతో కాంతిని నేరుగా మళ్లిస్తోంది కదా?

పరిశోధకురాలు: అద్దం కదలడానికి మిల్లీసెకన్లు పడుతుందండీ. డేటా చిన్న చిన్న ముక్కలుగా, ప్యాకెట్లుగా వస్తుంది. ప్యాకెట్ ప్యాకెట్‌కూ దారి మార్చాలంటే ఆ వేగం చాలదు.

చిప్ ఇంజినీర్: దారి ఏదో తేల్చేదాకా ఆ ప్యాకెట్‌ను ఎక్కడ ఆపుతారు? కాంతికి మెమరీ ఏది?

పరిశోధకురాలు: అసలు చిక్కు అదే. ఒక్క మైక్రోసెకను ఆపాలంటే 200 మీటర్ల ఫైబర్ చుట్ట కావాలి, దాన్ని చిప్ మీద పెట్టలేం. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను ముందు ఇచ్చే సమస్య ఇదే.