బ్యాగు మోసేవాడి ఆట

(తిరుపతిలో ఉదయపు నడక, షటిల్ మిత్రుల వార్షికోత్సవంలో ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా అందరినీ సంబోధించమని నాకొక చీటీ ఇచ్చారు. అందులో 17 పేర్లున్నాయి. వీళ్లంతా రోజూ పొద్దున ఐదున్నరకు నాకు ఎదురుపడేవాళ్లే, 'ఏం సామీ' అని పలకరించేవాళ్లే. అందుకని చీటీ జేబులో పెట్టుకుంటున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. శాలువాకి మాత్రం థాంక్స్. మే నెల తిరుపతిలో శాలువా కప్పుకుని మాట్లాడటం కూడా ఒక వ్యాయామమే. చెమట అప్పుడే మొదలైంది.

నాకిచ్చిన అంశం 'క్రీడలు, ఆరోగ్యం'. షుగరు గురించి, బీపీ గురించి డాక్టరు గారు ఇప్పుడే 40 నిమిషాలు చెప్పారు. దానికి నేను కలిపేదేమీ లేదు. నాకు మూడేళ్లుగా కడుపులో ఉన్న మాట ఒకటుంది. మైకు చేతికొచ్చింది కాబట్టి చెప్పేస్తాను.

మనకు మూడు కోర్టులు. ఒకటో కోర్టులో బాగా ఆడేవాళ్లు. రెండోదాంట్లో ఒకటో కోర్టులోకి పోవాలని చూసేవాళ్లు. మూడోదాంట్లో మేము, అంటే కాక్‌ను తట్టేవాళ్లం. రిటైరయ్యాక నేను చేరిన కొత్తలో ఒకటో కోర్టు దగ్గరికెళ్లి "నన్నూ ఒక గేమ్‌లో వేసుకోండన్నా" అని అడిగాను. "మీ ఆట కొంచెం సెట్ కానీండి సార్, చూద్దాం" అన్నారు. మర్యాదగానే అన్నారు. కానీ మూడో కోర్టులో మూడేళ్లు తడితే ఏం సెట్ అవుతుంది? నాలాంటి ముగ్గురితో ఆడి నేను నేర్చుకునేది వాళ్ల తప్పులు, వాళ్లు నేర్చుకునేది నా తప్పులు. ఈతొచ్చాకే బావిలోకి దిగమన్నట్టుంది ఈ లెక్క.

నవ్వకండి. మీలో సగం మంది మూడో కోర్టే.

నేను కొంతకాలం గోల్ఫ్ ఆడాను. ఇక్కడ కాదు, బెంగళూరులో పనిచేసినప్పుడు. మా బ్యాంకు పేరు మీద ఒక క్లబ్‌లో సభ్యత్వం ఉండేది. అది వాడుకోవాల్సిన పెద్దాఫీసరుకు మోకాలి నొప్పి. దాంతో అది తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆట అని మీరనుకుంటారు, నిజమే. కానీ ఆ ఆటలో ఒక గొప్ప ఏర్పాటు ఉంది. దాని పేరు హ్యాండికాప్, అంటే ఆటగాడి స్థాయిని బట్టి అతని స్కోరులోంచి తీసేసే దెబ్బల సంఖ్య. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు.

నా హ్యాండికాప్ 24, పక్కాయనది 6 అనుకోండి. ఇద్దరం 18 హోళ్లు, అంటే బంతిని వేయాల్సిన 18 గుంటలు, ఆడాం. నేను 96 దెబ్బలు కొట్టాను, ఆయన 79. నా 96లో 24 తీసేస్తే 72. ఆయన 79లో 6 తీసేస్తే 73. గెలిచింది నేనే! ఆయన నాకంటే ఎన్నో రెట్లు మంచి ఆటగాడు. అయినా నాతో ఆడితే ఆయనకు బోరు కొట్టదు, గెలవాలంటే ఆయనా చెమటోడ్చాలి. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే హ్యాండికాప్ పద్ధతి వచ్చింది. 54 దాకా ఇస్తారు, అంటే ఇవాళ మొదలుపెట్టినవాడు కూడా లెక్కలోకి వస్తాడు. మన షటిల్లో 21 పాయింట్ల గేమే కదా, మూడో కోర్టువాడికి ముందే 8 పాయింట్లిచ్చి మొదలుపెడితే ఎవరి సొమ్ము పోయింది?

ఈ సర్దుబాటు లేకుండా గట్టివాళ్ల పక్కన చేరితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మా బావమరిది వారానికోసారి అలిపిరి మెట్లెక్కుతాడు. 3,550 మెట్లు వాడికి మేడ మెట్లు. ఒకసారి నేనూ వస్తానని బయల్దేరి, రోషానికి పోయి, గాలిగోపురం దాకా వాడి వెనకే పరుగులాంటి నడక నడిచాను. అక్కడ కూర్చున్నవాణ్ణి ముప్పావు గంట లేవలేదు. మోకాళ్ల పర్వతం నేను ఎలా ఎక్కానో ఆ స్వామికే తెలుసు. పైకి చేరేసరికి వాడు గుండు కొట్టించుకుని, చందనం పూసుకుని, నా కోసం ఎదురుచూస్తున్నాడు. గోల్ఫ్‌లోనూ ఇదే పని చేశాను. బంతిని చాలా దూరం కొట్టే ఒక కుర్రాడి పక్కన రెండు వారాలు ఆడి, వాడిలాగే ఊపబోతే నడుము పట్టేసింది. గట్టివాడి బలం మనకు రాదండీ. వచ్చేది వేరే ఉంది.

అది నాకు ఎలా తెలిసిందంటే, ఒక ఆదివారం నెలవారీ పోటీలో ముగ్గురు మంచి ఆటగాళ్లకు నాలుగో మనిషి తక్కువయ్యాడు. నన్ను కలిపారు. మూడో హోలు దగ్గర ఒక పెద్దాయన చక్కగా కొట్టారు, బంతి గుంట దగ్గరుండే జెండాకు రెండు గజాల్లో ఆగింది. నేను పల్లెటూరి చనువుతో "ఏ క్లబ్బుతో కొట్టారు సార్?" అన్నాను (బంతిని కొట్టే కర్రనూ క్లబ్బే అంటారు). ఆయన పలకలేదు. హోలు పూర్తయ్యాక నా కార్డు చేతిలో పట్టుకుని (అక్కడ ఒకరి స్కోరు ఇంకొకరు రాస్తారు) మెల్లగా చెప్పారు: "పోటీలో ఇతర ఆటగాళ్లను సలహా అడగకూడదు. రెండు దెబ్బల పెనాల్టీ." నేను కొట్టింది 4. కార్డులో 6 పడింది.

చూడండి, ఎంత విచిత్రమైన నియమమో! పక్కనే గురువున్నాడు, అడగకూడదు. చూడొచ్చు, అంతే. ఆయన బ్యాగులో ఏ క్లబ్బు లేదో చూసి, చేతిలో ఉన్నది ఏదో కనిపెట్టొచ్చు. కానీ బ్యాగు మీద తువ్వాలు కప్పి ఉంటే ఆ తువ్వాలు తీసి చూడకూడదు. ఇంత పకడ్బందీ నియమాల మధ్య నీ జట్టువాడు కాకుండా నువ్వు సలహా అడగగలిగింది ఒక్కణ్ణే. నీ బ్యాగు మోసే క్యాడీని.

నా క్యాడీది కుప్పం. సన్నగా ఉంటాడు, మాట తక్కువ. మా జిల్లావాడని నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. అప్పట్లో కుప్పం మన చిత్తూరు జిల్లాయే, ఇప్పటికీ చిత్తూరే. మారింది మనం, 2022లో మనకు వేరే జిల్లా వచ్చింది. సరే, విషయానికొస్తాను.

ఆరోజు 8వ హోల్లో ఆ పెద్దాయన బంతి నీలగిరి చెట్లలోకి పోయింది. చెట్ల సందులోంచి జెండా కనిపిస్తోంది. ఆయన చిన్న క్లబ్బు తీసి, బంతిని పక్కకు, గడ్డి మైదానంలోకి ఓ 20 గజాలు తట్టారంతే. జెండా వైపు ఒక్క అంగుళం కూడా పోలేదు. 'ఇంత పెద్ద ఆటగాడికి ఇంత పిరికితనమా' అనుకున్నాను. 11వ హోల్లో నా బంతి కూడా అలాంటి చోటుకే పోయింది. నేను అడగకముందే నా క్యాడీ ఆ చిన్న క్లబ్బు తీసి నా వైపు చాచాడు. నేను వద్దని, దూరం కొట్టే 5 నంబరు ఐరన్ క్లబ్బు అడిగాను. రెండు చెట్ల మధ్య రెండు జానల సందుంది, అందులోంచి కొట్టేద్దామని. బంతి మానుకు తగిలి 'టక్'మని నా కాళ్ల పక్కనుంచి వెనక్కి పోయింది. మళ్లీ కొట్టాను. వేరుకు తగిలింది. మళ్లీ కొట్టాను. ఆ హోలు నాకు 9 దెబ్బలు. 8వ హోల్లో ఆయనకు పడింది 5.

గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) దగ్గర క్యాడీ నా బంతిని తడి తువ్వాలుతో తుడుస్తూ ఒక్క మాట అడిగాడు. "సార్, ఆయన చెట్లలో ఉన్నప్పుడు ఎక్కడ చూశారో గమనించారా?" "జెండా వైపే కదా" అన్నాను. "లేదు సార్. ఆయన జెండా వైపు చూడనే లేదు."

నేను ఆయన చేతుల్ని చూశాను, నడుమును చూశాను, క్లబ్బును చూశాను. వాడు ఆయన కళ్లను చూశాడు. నేను ఆయన పక్కన ఆడింది ఒక్కరోజు. వాడు అలాంటివాళ్ల పక్కన పదేళ్లు నడిచాడు, బరువు మోస్తూ. ఆ క్లబ్‌లో సోమవారం పొద్దున 9 దాకా క్యాడీలు ఆడుకోవచ్చు. ఒక సోమవారం సెలవు పెట్టి వెళ్లి చూశాను. వాడి దగ్గర నాలుగే క్లబ్బులు, నాలుగూ నాలుగు కంపెనీలవి, ఒకదాని పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. నియమం ప్రకారం 14 పెట్టుకోవచ్చు, నా బ్యాగులో 14 ఉన్నాయి. వాటితో నేను 96 కొట్టేవాణ్ణి. వాడు ఆ నాలుగింటితో 77 కొట్టాడు.

నేను వెతుకుతున్న మంచి ఆటగాడు రెండేళ్లుగా నా బ్యాగే మోస్తున్నాడు.

తర్వాత నాలుగు సోమవారాలు వాడితో కలిసి ఆడాను. ఆ వానాకాలంలో నా హ్యాండికాప్ 24 నుంచి 19కి దిగింది. ఐదో సోమవారానికి ముందు కమిటీ వాళ్లు కాఫీకి పిలిచారు. కాఫీ బాగుంది. సభ్యులు క్యాడీలతో ఆడటం మన సంప్రదాయం కాదన్నారు, కొందరు ఇబ్బంది పడుతున్నారన్నారు. నేను ఏమన్నాననుకుంటున్నారు? "సరే సార్" అన్నాను. బ్యాంకు పేరు మీద వచ్చిన సభ్యత్వం, ట్రాన్స్‌ఫర్లు దగ్గరపడుతున్నాయి, ఏదో టెన్షన్. వాళ్ల మీద నాకు కోపమే, కాదనను. కానీ ఆ 'సరే సార్' అన్నది నా నోరే. తర్వాతి ఆదివారం వాడు ఎప్పట్లాగే వచ్చాడు, బ్యాగు ఎత్తుకున్నాడు, ఏమీ అడగలేదు. చెట్లలోకి పోతే చిన్న క్లబ్బు చాచాడు. నేను తీసుకున్నాను.

మన దేశపు గోల్ఫ్ చరిత్ర చూస్తే నాకు ఇంకా సిగ్గేస్తుంది. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, అది గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్‌గా నిలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు. 2016లో, మళ్లీ 2017లో అదే టోర్నమెంట్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి కోల్‌కతాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే మాలీ. 1829 నాటి క్లబ్ అది. 2009లో గెలిచిన మునియప్ప కర్ణాటకవాడు, ఆయనా క్యాడీయే. ఆ వార్త వచ్చిన రోజు నేను బెంగళూరు వదిలేసి ఉన్నాను. కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. "సార్, పేపర్ చూశారా?" అన్నాడు. అంతే అన్నాడు. నేను చాలాసేపు ఏదేదో మాట్లాడాను.

కార్యదర్శి గారు ఇంకో చీటీ పంపారు, 'రెండు నిమిషాలు' అని. ఇది కూడా జేబులోకే.

ఇప్పుడు మన సంగతి. పొద్దున నాలుగున్నరకు చంద్రగిరి వైపు నుంచి సైకిల్లో వచ్చి కోర్టులు ఊడ్చేది ఎవరు? నెట్ కట్టేది ఎవరు? మీ ర్యాకెట్లకు గట్టింగ్ వేసేది ఎవరు? మనమంతా ఇళ్లకు పోయాక, ఎనిమిదిన్నరకు, ఆ పిల్లాడు పారేసిన కాక్‌లు ఏరుకుని వెనక గోడకు కొట్టుకుంటూ ఉంటాడు. మీరెవరూ చూసి ఉండరు. నేను మొన్న కళ్లజోడు మర్చిపోయి వెనక్కి వచ్చి చూశాను. కాక్ ఒక్కసారి కూడా కింద పడలేదు. ప్రతి దెబ్బకూ కాళ్లు మళ్లీ అదే చోటికి వస్తున్నాయి, నేల మీద గీత గీసినట్టు. ఒకటో కోర్టు అన్నలూ, మీ కాళ్లు కూడా అలాగే నడిమధ్యకు వస్తాయి. అది మీకు తెలియకపోవచ్చు. వాడికి తెలుసు, మిమ్మల్ని చూసే నేర్చుకున్నాడు. ఎవరైనా ఒక్కరోజు వాణ్ణి ఆటలోకి పిలిచారా? చెయ్యెత్తండి. డాక్టరు గారూ, మీరైనా?

సంప్రదాయం కాదు అని మనకు రాసిపెట్టిన రూలేమీ లేదు. నేను రిజిస్టరు చూశాను.

ప్రోగ్రాం కాగితంలో బహుమతులకు ముందు ఎగ్జిబిషన్ మ్యాచ్ అని ఉంది. ముగ్గురి పేర్లున్నాయి, నాలుగో ఆయన కాలు బెణికి రాలేదట. ఇందాకటి నుంచి వేదిక మీద దాని గురించే గుసగుసలు. మనిషి ఉన్నాడండీ. అదుగో, వెనక కుర్చీలు సర్దుతున్నాడు.

బాబూ, అవి అక్కడ పెట్టేసి ఇలా రా. ఫర్వాలేదు, రా నాయనా. చెప్పులతో ఆడకూడదు, నీ బూటు సైజు ఎంత? ఎనిమిదా? నాదీ ఎనిమిదే. ఈ శాలువా ఎవరైనా కాస్త పట్టుకోండి, బూట్లు విప్పాలి.